కుడిపక్క కూర్చున్న మనిషి

మా కారుకు స్టీరింగు ఎడమ పక్క ఉండేది. ఈ సంగతి ముందుగా చెప్పకపోతే తక్కినదంతా అడ్డదిడ్డంగా తోస్తుంది. మన దేశంలో బండ్లు రోడ్డుకు ఎడమ పక్కన పోతాయి కాబట్టి తోలే మనిషి కుడి పక్కన కూర్చుంటాడు, ఎదురుగా వచ్చేది అతనికి కనబడుతుంది. మా కారు ఫ్రాన్సులో పుట్టింది. అక్కడ అంతా దీనికి తలకిందులు. పులివెందుల పక్క రాతినార, అంటే ఆస్బెస్టాస్, గనుల్లో పనిచేసిన ఒక దొర దాన్ని తన దేశం నుంచి ఓడలో తెప్పించుకుని, కొన్నేళ్లు ఆ గుట్టల్లో తిప్పి, యుద్ధానికి కొంచెం ముందు ఇంటిదారి పడుతూ అమ్మజూపాడు. కడపలో కారు కొనగలవాళ్లు ఉన్నారు గాని, పక్క మారిన కారు కొనే వెర్రివాళ్లు లేరు. మా ఆయన కొన్నాడు.

ఆయన పశువుల డాక్టరు. ఆసుపత్రి కడపలోనే, కాని జబ్బుపడ్డ ఎద్దు ఆసుపత్రికి నడిచి రాదు, డాక్టరే పోవాలి. కమలాపురం, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, అక్కడి నుంచి పల్లెలు. అంతకుముందు సగం దూరం బస్సులో, సగం దూరం ఎవరైనా పంపిన ఎద్దుల బండిలో పోయేవాడు. ఆయన చేరేసరికి ఒక్కోసారి గొడ్డు చచ్చిపోయి ఉండేది. ఆ దుఃఖం మీదనే కారు కొన్నాడు, షోకు మీద కాదు. ఈ మాట అప్పట్లో మా చుట్టాలకు ఎంత చెప్పినా ఎక్కలేదు.

నేను మద్రాసులో బి.ఏ. చదివి, ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పి, బడి మేనేజరుతో వాదించి ఆ ఉద్యోగం వదులుకున్నదాన్ని. మాకు పిల్లలు లేరు. ఆ మాట ఎవరైనా జాలిగా ఎత్తితే వాళ్లతోనూ వాదించేదాన్ని. ఇంట్లో ఊరికే కూర్చోలేక మొదటి రోజునే కారెక్కి కుడి పక్కన కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది, ఆ సీటులో మనిషి లేకపోతే ఆ కారు కదలదని.

ఎందుకంటే, ముందు ఒక ఎద్దుల బండి పోతూ ఉంటుంది. దాన్ని దాటాలి. ఎడమ పక్క కూర్చున్న ఆయనకు బండి వెనకభాగం తప్ప మరేమీ కనబడదు. నేను కుడి పక్క తల బయటపెట్టి, ఎదురుగా ఏమీ రావడం లేదని చూసి చెప్పాలి. మొదట్లో మర్యాదగా “పోవచ్చునండీ” అనేదాన్ని. అది నా నోట్లో పూర్తయ్యేలోపల ఎదురుగా బస్సు వచ్చి మీద పడేది. అందుకని “పో” లేదా “వద్దు”, ఈ రెండే మాటలని ఒప్పందం చేసుకున్నాం. ఒకసారి వెనక సీటులో ఉన్న మా అత్త ఇది విని చెవులు మూసుకుంది.

“మొగుణ్ని పట్టుకోని పో అంటాదా? ఏం చదువురా నాయనా ఇది!”

“కారులో మొగుడు లేడత్తా, డ్రైవరే ఉండేది. దిగినాంక మీరు అంటాలే” అన్నాను. ఆయన నవ్వలేక స్టీరింగు మీదికి వంగిపోయాడు.

పల్లెల్లో దీని వేడుక వేరు. అక్కడివాళ్లు చూసిన మోటారు బస్సు ఒక్కటే. బస్సులో తోలేవాడు కుడి పక్కన ఉంటాడు కాబట్టి మా కారులో తోలేది నేనే. చాపాడు దగ్గర ఒకామె గడ్డిమోపు దించి, నోరు తెరుచుకుని నన్ను చూసింది.

“ఏమ్మా, చేతులు కట్టుకోని కారు తోల్తాండావే! యాడ నేర్సుకుంటివి?”

“బి.ఏ. చదివినా గదక్కా, చేతులెందుకు?” అన్నాను.

ఆమె ఊళ్లోకి పోయి అదే చెప్పింది. తర్వాత కొన్నాళ్లు ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు పాడి ఎనుములకు మందుతో పాటు నా చదువు గురించి కూడా అడిగేవాళ్లు.

మా సంసారమంతా ఆ కారులోనే జరిగిందంటే అబద్ధం కాదు. ఇంట్లో ఆయనకు పత్రికలు, నాకు వంట. కారులో ఇద్దరికీ ఒకే పని, రోడ్డు. మాట్లాడుకోవడానికి తీరిక దొరికేది అక్కడే, కాబట్టి వాదించుకునేదీ అక్కడే. కొర్రన్నం మంచిదా వరి అన్నం మంచిదా, నాటు ఎద్దు గొప్పదా ఒంగోలు ఎద్దు గొప్పదా, దేవుడు ఉంటే ఈ జిల్లాకు వాన ఎందుకు ఇవ్వడు, అన్నీ వాదించాం. నడుమ నడుమ “పో”, “వద్దు”. మళ్లీ వాదన. ఒక్కోసారి నా మాట సగంలో ఉండగా ముందు బండి అడ్డం వచ్చేది. “నువ్వు గెలిచేది తర్వాత, ముందు దోవ చెప్పు” అనేవాడు.

యుద్ధం వచ్చింది. పెట్రోలుకు కూపన్లు పెట్టారు. పశువుల డాక్టరు గనుక ఆయనకు కొంచెం ఎక్కువే ఇచ్చారు. ఫ్రాన్సు జర్మనీ చేతుల్లోకి పోయిన తర్వాత మా కారుకు ఒక్క మర కూడా దొరక్కపోయింది. కడపలో మా కారు బాగుచేసే ముసలి ఉస్తాదు ప్రతిసారీ బానెట్టు ఎత్తి, “అల్లా! దీని బుద్ధే ఉల్టా” అని తిట్టి, కమ్మరి దగ్గర కొత్త మర కొట్టించి బిగించేవాడు. కారు దగ్గేది, ఆగేది, మళ్లీ కదిలేది. నేను దాన్ని తిట్టేదాన్ని, ఆయన దాని మీద చెయ్యి వేసి నిమిరేవాడు, గొడ్డును నిమిరినట్టు.

ఎప్పటి నుంచో చెప్పలేను గాని, నేను ఎడమ పక్క కూడా చెప్పడం మొదలుపెట్టాను. “ఎడమ పక్క మేకలు.” “ఎడమ పక్క గుంత.” మాట అలవాటైపోయిన నోరు, చూసినదల్లా చెప్పేస్తుంది. ఆయన ఏనాడూ “అది నాకు కనబడుతుందిలే” అనలేదు. నేనూ ఆలోచించలేదు. మా కారు ఎక్కినవాళ్లు కూడా, స్టీరింగు తప్పు పక్క ఉంది గనుక ఈమె ఇట్లా చెబుతూ ఉండాలి కాబోలు అనుకునేవాళ్లు.

ఎర్రగుంట్ల దాటిన తర్వాత, రోడ్డు పక్కన నాపరాయి పలకలు నిలబెట్టి పొలాలకు గోడలు కట్టిన చోట, ఒక ముసలామె కట్టెల మోపుతో మా ముందే నడుస్తూ ఉంది. రోడ్డుకు ఎడమ అంచున. ఎండకు ఆమె నీడ కాళ్ల కిందే ఉంది. నేను ఆ పూట దేని గురించో గట్టిగా వాదిస్తున్నాను, ఎడమ పక్క చూడలేదు. కారు ఆమె మోపుకు తగిలింది. ఆమె రోడ్డు పక్క దుమ్ములో కూర్చుండిపోయింది. దెబ్బ తగల్లేదు. లేచి, కొంగు దులుపుకుని, కారు చుట్టూ తిరిగి నా దగ్గరికే వచ్చింది.

“కండ్లు నెత్తికెక్కినాయా నీకు? ఆడదానివి, కారు నీకెందుకే! నీ కారు కాలిపోను!”

నేను దిగి మోపు ఎత్తి ఆమె తలమీద పెట్టాను. ఆమె ఇంకా తిడుతూనే పొలం దారిలోకి మళ్లింది. నాకు లోపల ఒకటే మాట తిరుగుతూ ఉంది. ఆమె నడిచింది ఎడమ పక్కన. ఎడమ పక్క ఆయనది. ఆయన మోచేతికి జానెడు దూరంలో ఉన్న మనిషిని ఆయనకు నేనెందుకు చెప్పాలి?

కారెక్కకుండా, ముందు నుంచి తిరిగి పోయి, ఆయన పక్క తలుపు దగ్గర నిలబడ్డాను. మాట్లాడలేదు. తలుపు మీద చెయ్యి వేస్తే ఆయన భుజానికి తగులుతుంది, అంత దగ్గర. ఆయన నేరుగా రోడ్డు వైపు చూస్తూ ఉన్నాడు. కొంచెం సేపు చూసి, కుడి పక్క ఖాళీ సీటుతో అన్నాడు.

“కూసుంటివా? పోదామా?”

“నేనీడ ఉండా” అన్నాను.

ఆయన ఉలిక్కిపడి తల తిప్పాడు. తల పూర్తిగా తిప్పి, నా ముఖం నడిమికి తెచ్చుకుంటే తప్ప నేను ఆయనకు కనబడలేదు.

“ఎన్ని దినాల నుంచి?” అని అడిగాను.

“మద్రాసుకు పోయినా గదా, టీకా మందుల శిక్షణకని. అప్పుడే కంటి డాక్టరుకు సూపించినా. కంటిలో ఒత్తిడి అంట. అంచుల నుంచి లోపలికి తరుగుతా వస్తాదంట. నడుమ బాగనే ఉండాది మే, పత్రిక సదువుకుంటాండాను గదా.”

“మందు లేదా?”

“చుక్కలు ఇచ్చినారు. పోయింది రాదన్నారు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే నువ్వు వాదిస్తావు. వాదిస్తే నువ్వే గెలుస్తావు. నువ్వు గెలిస్తే నేను కారు దిగల్ల. కారు దిగితే పల్లెకు ఎట్ల పోయేది?” అని, రోడ్డు వైపు తిరిగి, “నువ్వు పక్కన సెప్తాంటివి. సాలనుకున్నా” అన్నాడు.

మేనేజరుతో, అత్తతో, బస్సు కండక్టరుతో, దేవుడితో వాదించినదాన్ని. ఆ రోడ్డు మీద “జరగండి” అని మాత్రం అన్నాను. ఆయన జరిగి కుడి పక్కకు పోయాడు. స్టీరింగు ముందు నేను కూర్చున్నాను. నాకు కారు తోలడం రాదు. ఎర్రగుంట్ల దగ్గర నుంచి కడప దాకా ఆయన పక్కన కూర్చుని చెబుతూ ఉంటే, ఆగుతూ, గెంతుతూ, పొద్దుగుంకే లోపల ఇల్లు చేరాం.

ఆ వేసవిలో పెన్న ఒడ్డున బయలు మైదానంలో నేర్చుకున్నాను. ఆయన కళ్లతో కాదు, చెవితో నేర్పాడు. “ఏడుస్తాంది, గేరు మార్చు.” “గొంతు ఎండింది దానికి, నీళ్లు పొయ్యి.” నేను గేరు బలవంతాన తోస్తే, “నీ మేనేజరు అనుకున్నావా, గొంతు పట్టుకుంటాండావు?” అనేవాడు. అట్లా నవ్వుతూనే నేర్చుకున్నాం. తర్వాత అర్థమైంది, ఆయన ఆ పూటలన్నీ నవ్వించింది నన్ను తన ముఖంకేసి చూడనివ్వకుండా ఉండటానికేనని.

నేను కారు తోలుకుని మొదటిసారి పల్లెకు పోయినప్పుడు భయం ఒకటే. డాక్టరుకు కళ్లు లేవని తెలిస్తే ఉద్యోగం ఉండదు. ఊళ్లోకి కారు పోగానే జనం చేరారు. చేరినవాళ్లంతా కుడి పక్కకు పోయి ఆయనకు దండం పెట్టారు. ఒక పెద్దాయన కారు చుట్టూ చూసి మెచ్చుకున్నాడు.

“డాక్టరయ్య శానా నిదానంగ తోల్తాడప్పా. బస్సోనికి సెప్పల్ల, ఇట్ల తోలమని.”

“మరి ఆయమ్మ ముందర ఆ చక్రం ఏంది మామా?” అని పక్కవాడు.

“అదా? ఆయమ్మ పడిపోకుండ పట్టుకునేదానికి.”

నా చెమట ఇంకా ఆరలేదు. అరచేతులు కమిలిపోయాయి. నా గొప్ప కళ్లెదురుగా మరొకరికి పోతూ ఉంటే నేను నోరు మూసుకుని, పడిపోకుండా ఆ చక్రాన్ని పట్టుకునే కూర్చున్నాను. ఆయన నిటారుగా, గంభీరంగా, కారు తోలి వచ్చిన మనిషిలాగా దిగాడు. దొర దేశంవాళ్లు ఏ బుద్ధితో స్టీరింగు అక్కడ పెట్టారో గాని, ఆ తప్పు పక్క మా ఆయన పరువును దాదాపు రెండేళ్లు కాపాడింది.

దారి చెప్పే పని ఆయనదైంది. ఆయనకు దారి కనబడదని ఇద్దరికీ తెలుసు. అయినా నేను బండి వెనక నెమ్మది చేసి, “పోదునా?” అని అడిగేదాన్ని. అడుగుతూనే ఆయన మీదుగా వంగి చూసుకునేదాన్ని. ఆయన చెవి పెట్టి విని, “పో” అనేవాడు. ఒకరోజు ఖాజీపేట దగ్గర ముందు బండికి అవతల రోడ్డు కనుచూపు మేర ఖాళీగా ఉంటే, “వద్దు” అన్నాడు. నేను ఆపాను.

“లారీ వస్తాన్నెట్లుండాది” అన్నాడు.

“అవును. వచ్చింది.”

“ఏం లారీ?”

“చెనక్కాయల లారీ.”

ఆయన “సప్పుడు లేకుండ పోయిందే, చెనక్కాయల లారీ” అని, నా వైపు తిరిగి, నా ముఖం ఎక్కడుందో సరిగా పట్టుకోలేక నా భుజంతో చెప్పాడు. “వాదించు మే. నువ్వు ఊరికే ఒప్పుకుంటాంటే నాకు భయమైతాంది.”

“సరే. లారీ రాలేదు. మీ చెవులు కూడా చెడినాయి. మీవల్ల పెట్రోలు దండగ” అన్నాను, గేరు వేస్తూ.

“ఆఁ, అట్ల” అన్నాడు.

అది జరిగిన తర్వాత మా ఆట ముగియడానికి ఎన్నాళ్లో పట్టలేదు. గండికోట దారిలో ఒక పల్లెలో ఒక రైతు ఎద్దును చూపించాడు. కడుపు ఉబ్బరమో, గాలికుంటో, ఈత కష్టమో అయితే ఆయన చేతులకు కళ్లు అక్కర్లేదు. ఆ రోజు జబ్బు కంటిలో ఉంది. కొట్టంలో వెలుతురు తక్కువ. రైతు ఎద్దు ముట్టె పట్టుకుని, “కన్ను ఎట్లుండాదో సూడు సామీ” అన్నాడు. ఆయన వంగి, వేలితో రెప్ప ఎత్తి, చాలాసేపు చూసినట్టు నిలబడ్డాడు. తర్వాత నన్ను ఇంగ్లీషులో అడిగాడు, ఏం కనబడుతోందని. తెల్లగా పొర కట్టింది, నడుమ చిన్న పుండు ఉందని నేను ఇంగ్లీషులోనే చెప్పాను. చెబుతూ నేను చూస్తున్నది చెడిన కంటిని. ఆయన వేలు ఎక్కడుందో చూడలేదు. ఆయన సంచిలో తడిమి మలాము తీసి, రెప్ప కింద పెట్టబోయాడు.

“సామీ,” అన్నాడు రైతు మెల్లగా, “అది బాగుండే కన్ను.”

రైతు నా వైపు చూడలేదు. మా ఆయన మణికట్టు పట్టుకుని, చిన్నపిల్లల చేత అక్షరం దిద్దించినట్టు, ఆ చేతిని ఎద్దు ముఖం మీదుగా రెండో కంటి దగ్గరికి తీసుకుపోయాడు. మలాము పెట్టించుకున్నాడు. పెట్టించుకున్నాక, ఎద్దుతో మాట్లాడుతున్నట్టు అన్నాడు.

“ఈ కన్ను పోయినా దీన్ని కోతకు అమ్మను సామీ. జతది సూస్తాది, ఇది లాగుతాది. ఎన్నో సేద్యాలు అట్ల జరిగినాయి.”

ఆ మాట మంచి మనసుతో అన్నాడు. అందుకే అది తగలకూడని చోట తగిలింది.

కారెక్కిన తర్వాత ఆయన, “రాజీనామా రాసిస్తా. రేపు నువ్వు తీసకపోయి ఇయ్యి” అన్నాడు. నేను వాదించాను. బతుకంతా నేర్చుకున్న వాదనంతా ఆ దారిలో పెట్టాను. ఒక్క తప్పు చేయని డాక్టరు ఏ దేశంలో ఉన్నాడన్నాను. మీ చేతులకు తెలిసింది ఇంకొకరి కళ్లకు తెలియదన్నాను. నేను పక్కన ఉండి ప్రతిదీ చెబుతానన్నాను. కంటి జబ్బులు వదిలేసి తక్కినవి చూడండన్నాను. ముద్దనూరు దాటేదాకా ఆయన అడ్డు చెప్పకుండా విన్నాడు.

“మనిషైతే వాదిస్తాడు,” అన్నాడు చివరికి, “ఇది కాదు డాక్టరూ, ఆ కన్ను అని. గొడ్డు వాదించదు మే. ముట్టె నా చేతిలో పెట్టి నిలబడింది.”

నేను జవాబు వెతుక్కుంటూ కారు తోలాను. కడప వచ్చింది, జవాబు రాలేదు. మా సంసారంలో ఆయన గెలిచిన వాదన అదొక్కటే.

ఆ తర్వాత కూపన్లు ఆగిపోయాయి, కారు మా పెరటి రేకుల కింద నిలబడిపోయింది. ఎండ తగ్గిన తర్వాత ఆయన గోడ తడుముకుంటూ పోయి కుడి పక్క సీటులో కూర్చునేవాడు. ఇంట్లో ఉక్కగా ఉందనేవాడు. ఆ రేకుల కింద ఇంతకంటే ఉక్క అని నాకు తెలుసు. నేనూ పోయి ఎడమ పక్క కూర్చునేదాన్ని. స్వాతంత్ర్యం వస్తే ఈ జిల్లాకు నీళ్లు వస్తాయా రావా అని వాదించుకునేవాళ్లం. వస్తాయని ఆయన, రావని నేను. చూపు నడిమి చుక్క కూడా అప్పటికి ఆరిపోయింది. ఒక చలికాలం న్యుమోనియా వచ్చి, వాదన ఏదీ తేలకుండానే ఆయన పోయాడు.

కారు అమ్మేయమని అందరూ అన్నారు. కడపలో ఎవరూ అడగలేదు. కర్నూలులో ఒక మెకానిక్కు, మరలు విప్పుకోవడానికి తీసుకుంటానని కబురు పంపాడు. ఉస్తాదు మళ్లీ కారును తిట్టి, మళ్లీ కదిలించి ఇచ్చాడు. ఎవరినైనా తోడు తీసుకుపొమ్మన్నారు. ఆ సీటులో మరొకరిని కూర్చోబెట్టడం నా వల్ల కాలేదు. ఒక్కదాన్నే బయలుదేరాను.

మైదుకూరు, చాగలమర్రి, ఆళ్లగడ్డ. దారంతా ఎదురుగా వచ్చేవే గాని ముందు పోయేవి పెద్దగా తగలలేదు. నంద్యాల ఇంకా దూరం ఉండగా, రెండు పక్కలా నల్లరేగడి పొలాలున్న చోట, పత్తి బోరాల బండి ఒకటి ముందు పోతూ కనబడింది. బోరాలు ఆకాశమంత ఎత్తు. నేను నెమ్మది చేశాను. ఆయన సీటు మీదుగా వంగి చూశాను. అలవాటుగా నోట్లో నుంచి “పోదునా?” అని వచ్చేసింది. “పో” అన్న మాట రాలేదు.

బండాయన పక్కకు తీసి దారి ఇచ్చాడు. చెయ్యి ఊపాడు. నేను పోలేదు. ఇంకొంచెం పక్కకు తీశాడు. నేను పోలేదు. కారు ఆపేశాను. బండాయన కూడా బండి ఆపి, దిగి, చర్నాకోల భుజాన వేసుకుని కారు దగ్గరికి నడిచి వచ్చాడు. అందరిలాగానే కుడి పక్కకు వచ్చాడు. కిటికీలో తల పెట్టి, ఖాళీ సీటు చూసి, నన్ను చూశాడు.

“ఏమ్మా, తోలే మనిషి యాడికి పోయినాడు?”

“లేడప్పా” అన్నాను.

“లేకుంటే ఈడిదాక కారెట్ల వచ్చె?”

ఏ మాటకైనా జవాబున్నదాన్ని. నా చేతులు ఆ చక్రం మీదనే ఉన్నాయి, బండాయన కళ్లెదురుగానే. చెప్పడానికి “నేనే” అనే ఒక్క మాట చాలు. అది నాకు నిజమని తోచలేదు.

బండాయన తల ఊపుకుంటూ పోయి, బండెక్కి ఎద్దులను అదిలించాడు. నేను ఆ పత్తిబండి వెనకనే, దాని చక్రాల దుమ్ములో, నంద్యాల దాకా పోయాను.